తోట అమ్మి పట్నం వెళ్ళడం అవిశ్వాసం అవుతుందా?

ఉద్దానం రైతు:

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో సముద్రానికి మైలు దూరంలో ఉన్న ఒక పల్లె. నాన్నగారి నుంచి వచ్చిన రెండెకరాల జీడితోటే మా జీవనాధారం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఆ తోటను ఒక్క రాత్రిలో నేలమట్టం చేసింది. గాలి తగ్గాక తలుపు తీస్తే, చిన్నప్పటి నుంచి ఏనాడూ మా గుమ్మంలోకి కనబడని సముద్రం ఆ ఉదయం కనబడింది. మధ్యలో అడ్డుగా ఒక్క చెట్టు కూడా నిలబడి లేదు. నాన్నగారు నాటినవాటిలో మిగిలింది ఇంటి వెనుక ఉన్న ఒక్క పనసచెట్టు మాత్రమే.

మరుసటి ఏడాది వానలకు మళ్ళీ జీడి మొక్కలు నాటాను. గోతులకు, మొక్కలకు, రెండేళ్ళ ఇంటి ఖర్చుకు కలిపి 2,80,000 రూపాయలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను. చెట్లకు ఇప్పుడు ఆరేళ్ళు. మొన్నటి వేసవిలో 80 కిలోల బస్తాలు ఐదు వచ్చాయి. ఆ సొమ్ము వడ్డీకి కూడా చాలలేదు. దానికి తోడు అమ్మకు రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరుగుతోందని, అంటే కిడ్నీలు దెబ్బతింటున్నాయేమోనని చెప్పారు. మా ప్రాంతంలో ఆ మాట వినని ఇల్లు లేదు కాబట్టి దాని అర్థం మీకు వివరించనక్కరలేదు.

మా అక్క భర్త విశాఖపట్నంలో ఉంటారు. తోట అమ్మేసి అప్పు తీర్చి, పిల్లలను తీసుకొని అక్కడికి వచ్చేయమని, ఫైనాన్సు ఆఫీసులో నెలకు 18,000 రూపాయల జీతం, ఉండడానికి గది ఏర్పాటు చేస్తానని బావ చెబుతున్నారు. తోట కొనేవారిని కూడా ఆయనే చూశారు. ఇంతలో గత ఆదివారం మా పాస్టరు గారు యిర్మీయా 42వ అధ్యాయం మీద వాక్యం చెప్పారు. మిగిలిన యూదులు భయపడి ఐగుప్తుకు (ఈజిప్టుకు) పోదామనుకుంటే, దేవుడు ఈ దేశంలోనే ఉండండి, నేను మిమ్మల్ని కట్టి నాటుతాను అన్నాడు కదా. అమ్మ ఆరాధన నుంచి వస్తూనే, ఇది మన కోసం పంపిన మాటేనని, తోట విడిచి వెళ్తే దేవుణ్ణి విడిచినట్టేనని అన్నది. నా భార్య మాత్రం, పిల్లల ఫీజులు కట్టుకోవద్దని దేవుడు ఎక్కడ చెప్పాడని అడుగుతున్నది. ఇద్దరూ ప్రార్థనాపరులే. వారం రోజులుగా నాకు నిద్ర లేదు. వెళ్తే అవిశ్వాసమా? ఉంటే దేవుణ్ణి శోధించడమా? వాక్యం తెలిసినవారు చెప్పండి.

విశ్రాంత ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం:

తమ్ముడూ, మీ లేఖను రెండుసార్లు చదివాను. మీ ఇంట్లో ఇంత మథనానికి కారణమైన అధ్యాయాన్ని ముందూ వెనుకా కలిపి చూడాలి. మధ్యలో నుంచి తీసి చదివితే, ఊరు విడిచినవాడు నశిస్తాడన్న ఒక్క మాటే మనకు మిగులుతుంది.

క్రీస్తు పూర్వం 586 ప్రాంతంలో యెరూషలేము కూలింది. బబులోను సేనాధిపతి నెబూజరదాను ప్రజలను చెరపట్టుకుపోతూ, ఏమీ లేని బీదవారిని దేశంలో ఉంచి వారికి ద్రాక్షతోటలూ పొలాలూ ఇచ్చాడు. అధిపతిగా నియమితుడైన గెదల్యా వారితో, భయపడకుండా ద్రాక్షారసాన్నీ వేసవి పండ్లనూ నూనెనూ సమకూర్చుకోమన్నాడు. వారు చాలా విస్తారంగా సమకూర్చుకున్నారని 40వ అధ్యాయంలో ఉంది. ఈ మాటను చాలామంది గమనించరు. కూలిపోయిన ఆ దేశం అప్పటికే మళ్ళీ కాపు ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పుడు ఇష్మాయేలు అనేవాడు మిస్పాలో గెదల్యానూ, అక్కడ ఉన్న కల్దీయ (బబులోను) సైనికులనూ చంపాడు. తన అధిపతిని చంపినందుకు బబులోను రాజు ఊరుకోడని మిగిలినవారు వణికిపోయారు. అది వెర్రి భయం కాదు. వారి స్థానంలో ఉంటే మనమూ మూటలు కట్టేవాళ్ళమే.

వారికి ఐగుప్తు ఎందుకు కనిపించింది? అక్కడ యుద్ధం ఉండదు, బూర శబ్దం వినబడదు, ఆకలి ఉండదు అని వారే చెప్పారు. ద్వితీయోపదేశకాండము 11వ అధ్యాయంలో మోషే ఈ రెండు దేశాలను పోల్చాడు. ఐగుప్తు కాలితో నీళ్ళు కట్టుకొనే కూరతోట వంటిది, మీరు వెళ్ళబోయే దేశం ఆకాశవర్షం తాగే కొండలూ లోయలూ గల దేశం అన్నాడు. నైలు నది ఎప్పుడూ పక్కనే పారుతుంది కాబట్టి ఐగుప్తువాడు తల ఎత్తి మబ్బు కోసం చూడనక్కరలేదు. ఉద్దానం ఇసుక నేలలో వాన కోసం చూసే మీకు ఈ తేడా నాకంటే బాగా తెలుసు. నెలజీతం కూడా నైలు వంటిదే. దానిలో పాపం ఏమీ లేదు. అయితే అది మనలను తల ఎత్తనవసరం లేనివారిగా చేయగలదు, ఆకర్షణా అక్కడే ఉంది, ప్రమాదమూ అక్కడే ఉంది.

అయితే ఐగుప్తు అన్న పేరు కనబడిన చోటల్లా అవిశ్వాసం అని రాసుకుంటే పొరబాటే. కరవు వచ్చినప్పుడు ఐగుప్తుకు వెళ్ళవద్దని ఇస్సాకుకు దేవుడు చెప్పాడు. ఇస్సాకు గెరారులో ఉండి ఆ ఏడాదే విత్తి నూరంతల పంట పొందాడు. అతని కుమారుడైన యాకోబుతో మాత్రం, బెయేర్షెబాలో, ఐగుప్తుకు వెళ్ళడానికి భయపడవద్దు, నేను నీతో వస్తాను అన్నాడు. హేరోదు చేతిలో నుంచి తప్పించడానికి పసివాడైన యేసును తీసుకొని యోసేపు మరియలు పరుగెత్తింది కూడా ఐగుప్తుకే. ఒకే దేశం, ఒకే దారి. తండ్రికి వద్దన్నది కొడుకుకు పొమ్మన్నది. కాబట్టి తోట విడిచిపెట్టడమే అవిశ్వాసం అని మీ అమ్మగారు అంటే, ఆమె భక్తికి నమస్కరిస్తూనే, నేను ఒప్పుకోలేను.

ఇక నా మనసు ఆగిన చోటు వేరు. యిర్మీయా దగ్గరకు వచ్చి, మేలైనా కీడైనా దేవుడు చెప్పినట్టే చేస్తామని ప్రమాణం చేసే నాటికి ఆ జనం ఎక్కడ ఉన్నారో 41వ అధ్యాయం చివరి వచనాల్లో చూడండి. బేత్లెహేము దగ్గర గెరూతు కింహాములో, ఐగుప్తుకు పోవాలన్న ఉద్దేశంతో దిగి ఉన్నారు. అప్పటికే బయలుదేరి, దారిలో మూటలు దింపి, ఆ మూటల మీద కూర్చొని దేవుణ్ణి అడిగారు. పది రోజుల తరువాత జవాబు వస్తే, నీవు అబద్ధమాడుతున్నావు, నీ లేఖకుడు బారూకు నిన్ను రేపుతున్నాడు అని యిర్మీయానే తిట్టారు. వారి పాపం భయంలో లేదు. నిర్ణయం ముందే చేసుకొని, దానికి దేవుని సంతకం కావాలని అడగడంలో ఉంది.

అందుకే మిమ్మల్ని రెండు మాటలు అడుగుతాను, మీరు నొచ్చుకోవద్దు. కొనేవారిని బావగారు చూశారని రాశారు. వారికి మీరు ఏమి చెప్పారో రాయలేదు. ఫైనాన్సు ఆఫీసులో పని అన్నారు. ఆ పని ఏమిటో రాయలేదు.

విజయనగరం నర్సు:

అన్నయ్యా, మీ ప్రశ్నలో తోట, ఉద్యోగం, అమ్మగారి ఆరోగ్యం మూడూ ఒకే ముడిగా పడిపోయాయి. మూడవదానిని దయచేసి ఈ రోజే విడదీయండి. తోట ఉన్నా అమ్మినా, విశాఖ వెళ్ళినా వెళ్ళకపోయినా, అమ్మగారిని కిడ్నీ వైద్యునికి చూపించడం ఆగకూడదు. క్రియాటినిన్ పెరిగినవారు నొప్పులకని మందుల దుకాణంలో అడిగి బిళ్ళలు వేసుకోవడం ఎంత ప్రమాదమో నేను రోజూ చూస్తున్నాను. పొలం పని చేసి వచ్చి ఒళ్ళునొప్పులకు బిళ్ళ వేసుకోవడం మన ఊళ్ళలో ఆడవాళ్ళకు అలవాటు. ఆమె వేసుకుంటున్నారేమో ముందు అడగండి. రక్తపోటు కూడా చూపిస్తూ ఉండండి. ఇప్పుడు పలాసలోనే కిడ్నీ ఆసుపత్రి ఉంది కాబట్టి దీని కోసం ఊరు మారవలసిన పని లేదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో కూడా చెప్పాలి. మా తమ్ముడికి చక్కెర వ్యాధి ఉండేది. ఒక ప్రార్థన కూడికలో ఎవరో, మందు మీద ఆధారపడేవాడు దేవుని మీద ఆధారపడలేడని అన్నారు. వాడు సాక్ష్యం చెప్పాలన్న ఆశతో ఇన్సులిన్ మానేశాడు. నాకు తెలిసేసరికి పదకొండు రోజులు గడిచాయి. వాడి విశ్వాసం బూటకం కాదు. అందుకే ఈనాటికీ ఆ మాట అన్నవారి మీద నాకు కోపం తగ్గలేదు, క్షమించాలని ప్రార్థన మాత్రం చేస్తున్నాను.

హిజ్కియా రాజు చావు పడక మీద నుంచి గోడ వైపు తిరిగి కన్నీళ్ళతో ప్రార్థించినప్పుడు దేవుడు అతనికి 15 సంవత్సరాలు ఆయుష్షు పెంచాడు. ఆ మాట తెచ్చిన యెషయా ప్రవక్తే, అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టమని చెప్పాడు. వాగ్దానమూ కట్టూ ఒకే నోటి నుంచి వచ్చాయి. ఆ రాజే ముట్టడికి భయపడి కొండ రాతిని తొలిచి నగరంలోకి నీళ్ళు తెప్పించాడు. దాదాపు 533 మీటర్ల పొడవైన ఆ సొరంగంలో ఇప్పటికీ మనుషులు నడిచి వెళ్తున్నారు. యెషయా 22వ అధ్యాయంలో దేవుడు యెరూషలేమువారిని గద్దించింది నీళ్ళు నిలవ చేసుకున్నందుకు కాదు, దానిని కలుగజేసినవాని వైపు చూడనందుకు. గునపం పట్టుకున్న చేతిని ఆయన తప్పు పట్టలేదు. ఆ చేతికి యజమాని ఎవరో మరచిపోవడాన్ని తప్పు పట్టాడు.

భావనపాడు తీరం:

నాది వేట పని. ఇక్కడ వలకు చేప పడని సంవత్సరాల్లో మా వాళ్ళు గుజరాత్‌లోని వీరావల్ వెళ్ళి బోట్ల మీద పనిచేస్తారు. నేనూ ఆరు సీజన్లు వెళ్ళాను. 2018 నవంబరులో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు అక్కడి నుంచి వేటకు వెళ్ళి పాకిస్తాన్ వారికి చిక్కి, 2020 జనవరిలో గాని వాఘా దగ్గర విడుదల కాలేదు. ఆ సీజన్లో నేను వేరే బోటు మీద ఉన్నాను. జీతం ఖాయమని వెళ్ళిన చోటే అంత పని జరిగింది కాబట్టి, పట్నం అంటే భద్రత అన్న లెక్క నాకు అప్పుడే పోయింది. అయితే వారు విశ్వాసం లేక వెళ్ళారని ఎవరైనా అంటే నేను సహించను. వారి ఇళ్ళలో ఆ ఏడాదికి పైగా జరిగిన ప్రార్థనలకు నేను సాక్షిని.

మాస్టారు చెప్పిన యిర్మీయాలోనే 29వ అధ్యాయం కూడా చదవండి. బబులోనుకు చెరపోయినవారికి ప్రవక్త ఉత్తరం రాస్తూ, అక్కడే ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి, ఆ పట్టణ క్షేమం కోసం ప్రార్థించండి అన్నాడు. ఒకే ప్రవక్త ఒకరిని ఉండమన్నాడు, ఒకరిని పోయిన చోట పాతుకోమన్నాడు. వీరావల్ రేవులో ఆదివారం సాయంత్రం పది మంది కూర్చొని పాడుకున్నప్పుడు దేవుడు మా ఊళ్ళో ఉన్నంత దగ్గరగానే ఉన్నాడు. వెళ్ళవలసి వస్తే భయపడకండి. మాస్టారు అడిగిన రెండు ప్రశ్నలకు జవాబు మాత్రం దాచకండి.

ఉద్దానం రైతు:

మాస్టారూ, మీ మాటలు చదివి రెండు రోజులు జవాబు రాయలేకపోయాను. మొదటి లేఖలో నేను నిజం అంతా రాయలేదు. పాస్టరు గారు ఆ వాక్యం చెప్పడానికి రెండు వారాల ముందే నేను తోటకు 50,000 రూపాయలు బయానా తీసుకున్నాను. అందులో 30,000 వడ్డీకి కట్టేశాను. నా భార్యకు తెలుసు. అమ్మకు తెలియదు. అమ్మ ఉపవాసం ఉండి దేవుని చిత్తం కోసం ప్రార్థిస్తుంటే, పక్కన మోకరించి నేనూ కళ్ళు మూసుకున్నాను. మీరు గెరూతు కింహాము అని రాసినప్పుడు నాకు మా ఇంటి పేరు చదివినట్టు అయింది.

రెండవ ప్రశ్నకు జవాబు ఇంకా కష్టం. పేరుకు ఫైనాన్సు ఆఫీసే. పని మాత్రం రోజువారీ వసూలు. రైతుబజారు బయట, బస్టాండు దగ్గర తోపుడు బండ్లవారికి, చేపలమ్మే ఆడవాళ్ళకు పొద్దున డబ్బు ఇచ్చి సాయంత్రం వడ్డీతో తీసుకోవాలి. ఇవ్వలేనివారి ఇంటికి వెళ్ళి కూర్చోవాలి. నీకు పల్లె మనిషి మొహం ఉంది, నీ మాట వింటారు అని బావ అన్నారు. కొన్ని కాగితాల మీద నన్ను భాగస్వామిగా చూపిస్తారట, అది ఊరికే పేరుకేనట.

తిత్లీ తరువాత మూడవ నెలలో మా ఇంటికి కూడా ఒక మనిషి అలాగే వచ్చాడు. అరవలేదు, తిట్టలేదు. అరుగు మీద కూర్చొని, చెప్పులు పక్కన పెట్టుకొని, సెల్‌ఫోను చూసుకుంటూ ఉన్నాడు. మధ్యాహ్నం దాటింది. అతను ఉండగా అన్నం పెట్టడానికి నా భార్యకు మనసొప్పలేదు, పెట్టకుండా ఉండడానికి పిల్లల ఆకలి ఒప్పుకోలేదు. చివరికి కంచాలు లోపలి గదిలోకి తీసుకువెళ్ళి, గరిటె చప్పుడు కాకుండా వడ్డించింది. మా చిన్నది ఆ రోజు నుంచి కొంతకాలం గుసగుసగా మాట్లాడేది. బావ చెప్పే ఉద్యోగం ఆ అరుగు మీద మనిషి ఉద్యోగమే. ఇది తెలిసి కూడా, నెలకు 18,000 అన్న మాట తలుచుకుంటే నా గుండె నెమ్మదిస్తున్నది. ఆ నెమ్మదిని చూసే నాకు ఎక్కువ భయం వేస్తున్నది.

విశ్రాంత ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం:

తమ్ముడూ, ఇది ఇక్కడ రాయడానికి మీరు ఎంత నలిగిపోయారో అర్థమవుతున్నది.

ఇప్పుడు మీ ప్రశ్న మారిపోయింది. తోట అమ్మాలా వద్దా అన్నదానికి మీకు ప్రవక్త లేడు. నేను ప్రవక్తను కాను, మీ అమ్మగారూ కారు. దానిలో మీరు ఆలోచించాలి, పెద్దలను అడగాలి, ఆగాలి. ఒకే దారిన యెరూషలేముకు వెళ్తూ, దేవుని హస్తం మా మీద ఉందని రాజుతో చెప్పి ఇప్పుడు సైన్యం అడగడానికి సిగ్గుపడ్డానని ఎజ్రా అనే శాస్త్రి అన్నాడు. అహవా నది దగ్గర ఉపవాసం ఉండి, బంగారం వెండి మోసుకుంటూ కావలి లేకుండా వెళ్ళాడు. కొన్నేళ్ళకు నెహెమ్యా అదే పారసీక రాజ్యం నుంచి సేనాధిపతులనూ గుర్రపు రౌతులనూ వెంటబెట్టుకొని వచ్చాడు. ఇద్దరూ దేవుని మనుషులే. మధ్యలో ఏది విశ్వాసం అని వాదించుకున్న వారిని నేను ఎరుగుదును. లేఖనం మాత్రం ఇద్దరినీ పక్కపక్కనే ఉంచి ఊరుకుంది.

కాని ఆ ఉద్యోగం సంగతి అలాంటిది కాదు. దానికి పది రోజులు ఎదురుచూడవలసిన అవసరం లేదు. బీదవానికి అప్పు ఇస్తే వడ్డీ వ్యాపారి వలె ప్రవర్తించకూడదని నిర్గమకాండములోనే ఉంది. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలో ఇంకా దగ్గరి మాట ఉంది. అప్పు ఇచ్చినవాడు తాకట్టు వస్తువు కోసం అవతలివాని ఇంట్లోకి పోకూడదు, బయట నిలబడాలి, అతనే తెచ్చి ఇవ్వాలి. బీదవాని గుమ్మానికి కూడా గౌరవం ఉందని దేవుడు అంత వివరంగా చెప్పాడు. మీ అరుగు మీద కూర్చున్న మనిషి దాటింది ఆ గీతనే. విశాఖ వెళ్ళడం ఐగుప్తు కాదు. ఆ కాగితం మీద సంతకం పెట్టడం ఐగుప్తు. రేపు అదే నగరంలో బరువులు మోసే పని దొరికితే నేను మిమ్మల్ని బస్సు ఎక్కించడానికి వస్తాను.

అమ్మగారికి మాత్రం ఈ రాత్రే చెప్పండి.

మందస జీడిరైతు:

నాదీ తిత్లీ దెబ్బే, మూడెకరాలు. వాక్యం మాస్టారు చెప్పారు కాబట్టి నేను లెక్క చెబుతాను.

2,80,000 మీద నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 1,00,800. మీ తోట ఇప్పుడున్న వయసులో అంత ఇవ్వదు. జీడి నిండు కాపుకు రావడానికి ఎనిమిది, పదేళ్ళు పడుతుంది. అంటే మిమ్మల్ని ముంచుతున్నది తోట కాదు, వడ్డీ. తోటను నిందించి అమ్మేస్తే, కాపు పెరగబోయే సమయంలో ఇంకొకరికి అప్పగించినట్టు అవుతుంది. కొనేవారికి ఆ లెక్క తెలుసు.

బ్యాంకులో కిసాన్ క్రెడిట్ కార్డు ఉందా? పంట రుణం 3 లక్షల వరకు 7 శాతం వడ్డీకి ఇస్తారు, గడువులో కడితే 3 శాతం రాయితీతో 4 శాతమే పడుతుంది. 2025 జనవరి నుంచి 2 లక్షల వరకు తాకట్టు అడగకూడదు. అది పంట పెట్టుబడికి. పాత ప్రైవేటు అప్పు తీర్చడానికి వేరుగా అడగాలి. ప్రైవేటు అప్పుల్లో చిక్కుకున్న రైతుకు ఇచ్చే రుణాన్ని రిజర్వు బ్యాంకు ప్రాధాన్యతా రంగంలోనే (బ్యాంకులు తప్పక కొంత అప్పు ఇవ్వవలసిన రంగంలోనే) లెక్కిస్తుంది, ఆ మాట మేనేజరుకు గుర్తు చేయండి. దానికి తోట తాకట్టు పెట్టవలసి రావచ్చు, వడ్డీ కూడా పంట రుణం కంటే ఎక్కువ ఉంటుంది. అయినా మీరు ఇప్పుడు కడుతున్న 36 శాతం ముందు అది తేలికే. పట్టాదారు పాసుపుస్తకం, 1బీ, అడంగల్ (భూమి హక్కు, సాగు రికార్డులు), ఆధార్ తీసుకొని భార్యాభర్తలు కలిసి వెళ్ళండి. మొదటిసారి కాదంటారు. మళ్ళీ వెళ్ళాలి. నేను నాలుగుసార్లు వెళ్ళాను. నాలుగవసారికి ముందు రాత్రి ప్రార్థన చేసి, పొద్దున చొక్కా ఇస్త్రీ చేసుకొని వెళ్ళాను. రెండూ అవసరమే అనిపించింది.

చెట్ల మధ్య ఏడెనిమిది మీటర్ల ఎడం ఉంటుంది కాబట్టి నీడ పూర్తిగా కమ్మేలోగా అందులో ఉలవలో పెసలో చల్లవచ్చు. డిసెంబరులో లేతచిగురు, పూత వచ్చే వేళకు వాటి రసం పీల్చే టీ దోమ అనే పురుగును కనిపెట్టి ఉండండి. పోయినసారి నా పూత సగం అదే మాడ్చేసింది. కోతలు లేని నెలల్లో పలాస జీడి ఫ్యాక్టరీలలో మా ఇంటివారూ పనికి వెళ్తారు, అందులో చిన్నతనం ఏమీ లేదు.

నన్ను నిలబెట్టిన వాక్యం ఒకటి చెప్పి ఆపుతాను. యెరూషలేము ముట్టడిలో ఉండగా, చెరసాలలో ఉన్న యిర్మీయా దగ్గరకు పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి అనాతోతులోని పొలం కొనమన్నాడు. శత్రుసైన్యం దిగి ఉన్న పొలం. దేవుడు కొనమన్నాడు కాబట్టి యిర్మీయా 17 తులాల వెండి తూచి ఇచ్చి, సాక్షులను పెట్టి, క్రయపత్రాలను మంటికుండలో భద్రపరచమని బారూకుకు ఇచ్చాడు. ఇళ్ళూ పొలాలూ తోటలూ ఈ దేశంలో మళ్ళీ కొంటారు అన్నాడు దేవుడు. యిర్మీయా అయోమయపడ్డాడు, ఆ తరువాత ప్రార్థనలో అడిగాడు కూడా. కాని ముందు వెండి తూచాడు, సంతకం పెట్టాడు, ఆ తరువాత అడిగాడు. ఈ క్రమం నాకు చాలా ఇష్టం. మీకు దేవుడు ఆ మాటే చెప్పాడని నేను అనడం లేదు. చేతనైతే బయానా తిరిగి ఇచ్చేయండి, అప్పుడు మీరు స్వేచ్ఛగా అడగగలుగుతారు.

ఉద్దానం రైతు:

అందరికీ వందనాలు. అమ్మకు ఆ రాత్రే చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, నేను దేవుని మాట అని నీ నెత్తిన పెట్టింది నా భయం కూడా అయి ఉండవచ్చు, మీ నాన్న మట్టి విడిచి వెళ్ళడం నాకు భయం అన్నది. ఒళ్ళునొప్పుల బిళ్ళలు వేసుకుంటున్న మాట కూడా అప్పుడే బయటపడింది. చెల్లెమ్మా, నీవు అడగమని ఉండకపోతే మేము ఎన్నడూ అడిగేవాళ్ళం కాదు. మొన్న పలాసలో చూపించాము, ఆ బిళ్ళలు మాన్పించారు, నెల తరువాత మళ్ళీ పరీక్షకు రమ్మన్నారు.

బయానా తిరిగి ఇచ్చేశాను. ఖర్చయిన 30,000 కోసం ఇంటి వెనుక పనసచెట్టును కలపకు అమ్మాను, తక్కువ పడినది చెల్లెలు సర్దింది. చెట్టు కొట్టిన రోజు అమ్మ తోటలోకి వెళ్ళి కూర్చుంది. కొనేవారు నొచ్చుకున్నారు గాని కాగితం చింపేశారు. బావ ఫోను ఎత్తడం లేదు. అక్క మాత్రం రెండుసార్లు చేసింది. వారి కోసం కూడా ప్రార్థించండి, ఆయన మా మేలు కోరే ఆ మాట అన్నారు.

తోట అట్టిపెట్టుకుంటామో, బ్యాంకు కాదంటే వచ్చే ఏడాది అమ్ముకొని ఎక్కడికైనా వెళ్తామో ఇంకా తెలియదు. ఆ ఉద్యోగానికి మాత్రం వెళ్ళడం లేదు. నా భార్య దసరా తరువాత పలాస ఫ్యాక్టరీకి వెళ్తానంటున్నది. ఇన్ని రోజుల తరువాత నిన్న రాత్రి నిద్ర పట్టింది.

సోమవారం పదకొండు గంటలకు ఇద్దరం బ్యాంకుకు వెళ్తున్నాము. పాసుపుస్తకం కోసం ఈ రోజు వెదుకుతుంటే అమ్మ అటక మీద ఉన్న ఇత్తడి బిందె దించమన్నది. తిత్లీ రాత్రి పైకప్పు రేకులు లేచిపోతుంటే ఆమె కాగితాలన్నీ యూరియా సంచి ముక్కలో చుట్టి, ఆ బిందెలో పెట్టి, మూత మీద తడిబట్ట బిగించి కట్టిందట. ఏడేళ్ళుగా ఎవరూ విప్పలేదు. ముడి బిగుసుకుపోయి కత్తితో కోయవలసి వచ్చింది. లోపల కాగితాలకు చెమ్మ అంటలేదు.